నాయన లెక్కల పుస్తకం

మొన్న ఆదివారం ఉదయం ఊరి నుండి ఫోను వచ్చింది. మదనపల్లెకు దగ్గరలో మాకున్న మూడెకరాల చేనును గుత్తకు చేస్తున్న కుర్రవాడు చేశాడు. "అన్నా, బోరు గంట పోస్తే అర్ధగంట ఆగుతాంది. టమాటా పూతమీద ఉండాది. వెయ్యడుగులకు కొత్త బోరు ఏపిద్దాం. సగం నువ్వు పెట్టుకో, సగం నేను పెట్టుకుంటా" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆలోచించడానికి ముందు బీరువాలోనుండి నాయన లెక్కల పుస్తకం తీశాను. ఎర్ర అట్ట, పొడుగాటి కాగితాలు, నడుమ పసుపు మరకలు. నాయన చదివింది అయిదో తరగతి. ఎడమవైపు ఖర్చు, కుడివైపు రాబడి, అడుగున ఒక గీత, గీత కింద మిగులు. నష్టం వచ్చిన యేడు గీత కింద ఏమీ రాసేవాడు కాడు. 2016లో ఆయన పోయాక అమ్మ నాకిచ్చిన వస్తువుల్లో ఇదొకటి. నేను కళాశాలలో అర్థశాస్త్రం చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఇరవై యేళ్ళకు పైగా పిల్లలకు మూడు పాఠాలు తప్పకుండా చెబుతూ వస్తున్నాను: డిమాండు వ్యాకోచత్వం, ఉత్పత్తి వ్యయాలు, మార్కెట్టు వైఫల్యం. మూడూ ఈ పుస్తకంలో ఉన్నాయని, మూడవదానిలో నా పాత్ర కూడా ఉందని, చాలా ఆలస్యంగా గ్రహించాను.

మొదటి పాఠం 1999, 2000 సంవత్సరాల పేజీల్లో ఉంది. అప్పుడు నేను తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను.

1999 వేసవి: రెండెకరాల టమాటా, 600 పెట్టెలు, సగటున పెట్టె 60 రూపాయలు, రాబడి 36,000. గీత కింద అంకె ఉంది. 2000 వేసవి: అవే రెండెకరాలు, 900 పెట్టెలు, సగటున పెట్టె 16 రూపాయలు, రాబడి 14,400. గీత కింద ఖాళీ.

పంట సగానికి సగం పెరిగితే రాబడి సగంకన్న తక్కువకు పడిపోయింది. అవ్వ టమాటాను తక్కాళి అనేది. "తక్కాళి బాగా కాసిన యేడు ఇంట్లో పప్పుండదు" అని ఆమె వాడుకమాట. చిన్నప్పుడు అదొక ముసలిదాని సణుగుడనుకున్నాను. ఎం.ఏ. తరగతిలో గురువుగారు నల్లబల్లమీద నిట్టనిలువుగా దిగే డిమాండు రేఖ గీసినప్పుడు అవ్వ మాట చప్పున గుర్తుకు వచ్చింది.

ధర మారినప్పుడు కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలతే వ్యాకోచత్వం. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథంలో ఈ భావనకు నేటి రూపం ఇచ్చాడు. ధర నూటికి పది తగ్గితే కొనుగోలు నూటికి ఇరవై పెరిగే సరుకు వ్యాకోచం గలది. నూటికి మూడో నాలుగో పెరిగే సరుకు అవ్యాకోచమైనది. టమాటా రెండవ తెగకు చెందినది. ధర సగమైందని ఎవరూ చారులో రెండింతల టమాటా పిండరు. దాచుకుందామన్నా నాలుగు రోజులకు కుళ్ళుతుంది. కనుక అంగడికి వచ్చిన అదనపు సరుకునంతా జనం చేత కొనిపించాలంటే ధర పాతాళానికి దిగవలసిందే.

ఇది మన కాలం గమనించిన సంగతి కాదు. 17వ శతాబ్ది చివరి నాటి ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ పేరిట ఒక ధాన్యపు లెక్క ఉండేది. దానిని చార్లెస్ డావెనంట్ 1699లో అచ్చువేశాడు. పంట మామూలుకన్న పదోవంతు తగ్గితే ధర పదింట మూడువంతులు పెరుగుతుందనీ, పంట సగమే పండితే ధర మామూలు మీద మరి నాలుగున్నర రెట్లు ఎక్కుతుందనీ అందులో ఉంది. అంటే నూరు మూటలు మూటకు రూపాయి చొప్పున అమ్మితే నూరు రూపాయలు. యాభై మూటలే పండితే మూటకు అయిదున్నర చొప్పున 275 రూపాయలు. దేశానికి కరువు, పంట చేతికొచ్చిన రైతుకు పండుగ. అదే లెక్కను వెనకనుండి చదివితే అవ్వ మాట వస్తుంది.

మరి అందరూ కాస్త తక్కువ వేస్తే సరిపోదా? ఆ సెలవుల్లో నాయనను సరిగ్గా ఇదే అడిగాను. తరగతిలో నేర్చుకున్న తెలివి ఇంట్లో చూపించుకునే వయసది. ఆయన బీడీ ఆర్పి, "నేను వేసేది రెండెకరాలు. నేను మానేస్తే మదనపల్లెలో పెట్టె ధర పైసా లేస్తాదా?" అన్నాడు. లేవదు. మొత్తం మార్కెట్టుకు డిమాండు అవ్యాకోచమే కాని, ఒక్క రైతుకు ధర కట్టినట్టుండే వస్తువు. తాను ఎంత తెచ్చినా మారదు. కాబట్టి ఒక్కొక్కరికీ ఎక్కువ పండించడమే వివేకం. అందరి వివేకాలూ ఒకే తెల్లవారుజామున లారీలెక్కి ఒకే మండీకి చేరుతాయి. నాయన తప్పు చేయలేదు. ఆయన పక్కవాడూ చేయలేదు.

పైగా నాట్లు వేసేటప్పుడు కళ్ళముందుండేది నిన్నటి ధర. కోసేటప్పుడు చేతికి వచ్చేది నేటి ధర. 1999 ధర చూసి 2000లో అందరూ వేశారు. ఈ ఊగిసలాటకు అర్థశాస్త్రంలో సాలెగూడు సిద్ధాంతమని పేరు. 2023లో దేశమంతా దీనిని చూసింది. ఆ జులై చివర మదనపల్లెలో మేలురకం టమాటా కిలో రెండు వందలకు చేరువైంది. కేంద్ర ప్రభుత్వం టమాటాలు కొని నగరాల్లో తక్కువ ధరకు అమ్మించింది. నగరంలోని మా ఇంట్లో కూడా టమాటా మానేసి చింతపండు పులుసుతో వెళ్ళదీశాం. అదే యేడు సెప్టెంబరుకల్లా ధర నేలకు దిగింది. రెండు నెలల తేడాలో, టమాటా కొనేవాడి కష్టంగా మొదట, పండించేవాడి కష్టంగా తరువాత, ఒకే పాఠం పత్రికల్లోకి రెండుసార్లు ఎక్కింది.

రెండవ పాఠం అదే 2000 పేజీలో, ఎడమవైపున ఉంది.

నారు, దుక్కి, ఎరువు, మందులు, ఊతకర్రలు, పురికొస: ఇవి పంట కోతకు రాకముందే పెట్టినవి. తరువాత పెట్టె ఒక్కింటికి కోతకూలి అయిదు రూపాయలు, పెట్టె బాడుగ ఒక రూపాయి, లారీ బాడుగ నాలుగు రూపాయలు, మండీలో కమీషను నూటికి పది. ఈ లెక్క పక్కన నాయన చిన్న అక్షరాలతో "12కు తక్కువైతే కోయరాదు" అని రాసుకున్నాడు.

నేను కాగితం మీద వేసి చూశాను. పెట్టెను మండీకి చేర్చడానికి పది రూపాయలు. అమ్మిన ధరలో పదోవంతు కమీషను. ధర పదకొండు రూపాయల పదకొండు పైసలైతే చేతికి మిగిలేది సున్న. అయిదో తరగతి చదివిన మనిషి దానిని పన్నెండుగా సవరించి రాసుకున్నాడు. పాఠ్యపుస్తకంలో ఇదే ఉత్పత్తి నిలిపివేసే స్థానం. ధర చర వ్యయాన్ని దాటినంతవరకూ నష్టంలోనైనా అమ్మాలి. దాటకపోతే ఆపేయాలి.

ఆ వేసవిలో ఒక రోజు ధర పదికి దిగింది. పండ్లు చెట్టుమీద ఎర్రగా వేలాడుతుండగా నాయన కూలీలను రావద్దని చెప్పాడు. అమ్మ తట్టుకోలేకపోయింది. "అంత పెట్టుబడి పెట్టినాం గదా, ఎట్ల వదిలేస్తావు?" అంది. నాయన, "పెట్టింది పెట్టిననాడే పోయిందే. ఇప్పుడు కోస్తే ఇంకా పోతాది" అన్నాడు. ఆ సాయంత్రం మేకలను చేనులోకి తోలారు. అమ్మ ఆ వైపు చూడకుండా ఇంట్లోనే కూర్చుంది.

తిరిగి రాని ఖర్చును ముందు నిర్ణయాలలో లెక్కించరాదని నేను ప్రతి సంవత్సరం చెబుతాను. చెప్పినప్పుడల్లా అమ్మ ముఖం గుర్తొస్తుంది. సూత్రం సరైనదే. కాని ఆ సూత్రాన్ని పాటించడానికి నాయనకు ఎంత గుండెనిబ్బరం కావలసివచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు.

రోడ్డుమీద టమాటాలు పారబోసిన చిత్రాలు పత్రికల్లో వచ్చినప్పుడు, "ఊరికే పంచిపెట్టవచ్చు కదా" అని నా సహోద్యోగులు అంటుంటారు. పారబోసినవాడు కోతకూలీ, పెట్టె బాడుగా, లారీ బాడుగా అప్పటికే ఇచ్చేసినవాడు. అతనికి ఇంక మిగిలింది, తిరిగి ఇంటికి మోసుకుపోయే ఖర్చు ఒక్కటే. పంచిపెట్టాలన్నా ఇంకొక బాడుగ కావాలి. చేనులో వదిలేసినవాడు ఒక మెట్టు ముందే ఆగాడు, అంతే తేడా. ధర ముందుగా తెలిసినవాడు చేనులో ఆగుతాడు, తెలియనివాడు మండీ దాకా వస్తాడు.

ఇక మూడవ పాఠం. దీనిని రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

2002 పేజీ. ఆ యేడు వానలు లేవు. మా చేనుకూ పక్క చేనుకూ నడుమ ఒక గనిమ, ఆ గనిమకు అవతల పక్క చేను ఆయన బావి. వరసకు నాకు పెదనాయన. నలభై అడుగుల రాతికట్టు బావి. నేను ఈత నేర్చుకున్నది అందులోనే. మా పాత బోరు ఎండింది. నాకు అప్పటికి ఉద్యోగం వచ్చి సంవత్సరం కావస్తోంది. నాయన బోరు సంగతి తటపటాయిస్తూ చెప్పాడు. నేను వెంటనే డబ్బు పంపాను. "తక్కువ లోతు వద్దు నాయనా, మళ్ళీ మళ్ళీ ఖర్చు. ఒకేసారి లోతుకు వేయించు" అని సలహా కూడా ఇచ్చాను. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి నీళ్ళు చూసే ఆయన వచ్చి చోటు చూపించాడు. తిరుచెంగోడు నుండి వచ్చిన రిగ్గుబండి ఒక రాత్రంతా రాతిని పొడి చేసింది. 420 అడుగులకు నీళ్ళు పడ్డాయి. పుస్తకంలో "బోరు, మోటారు, పైపులు: 61,000" అని ఉంది.

మాది గట్టి రాతినేల. నీళ్ళు రాతి పగుళ్ళలో ఉంటాయి. ఆ పగుళ్ళకు గనిమలు తెలియవు. 2003 వేసవికి పెదనాయన బావిలో బండ కనిపించింది.

మా పుస్తకంలో ఆ ఖర్చు ఎక్కడా లేదు. నాయన దొంగలెక్క రాయలేదు. ఆయన చెల్లించినవన్నీ రాశాడు. బావి ఎండిన ఖర్చు ఆయన చెల్లించలేదు, గనిమ అవతలి మనిషి చెల్లించాడు. 1920లో పిగూ అనే కేంబ్రిడ్జి ఆచార్యుడు విస్తరించి చెప్పింది దీనినే. ఒకడి ఉత్పత్తి వల్ల ఇంకొకడి మీద పడే ఖర్చు ధరలోకి రాకపోతే మార్కెట్టు తన లెక్క తప్పుతుంది. మేం పెట్టె 60 రూపాయలకు అమ్మినా 16 రూపాయలకు అమ్మినా, అందులో పెదనాయన బావినీళ్ళ ధర లేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక నీళ్ళు తోడే ఉపాంత వ్యయం రైతుకు సున్న అయింది. కరువులో ఉన్న నాయనకు అది ఎంత ఊరటో నాకు తెలుసు. సున్న ఖర్చుకు దొరికేదానిని ఎవరూ పొదుపుగా తోడరన్నదీ తెలుసు. 2002లోనే వాల్టా చట్టం వచ్చి కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. రాత్రి వచ్చి తెల్లారకముందే వెళ్ళిపోయే రిగ్గుబండిని మా ఊళ్ళో ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

ఈసారి పుస్తకం తిరగేస్తున్నప్పుడు 2003 పేజీలో ఎన్నడూ గమనించని వరుస ఒకటి కనిపించింది. మార్చి నుండి మే దాకా ఆరు చోట్ల "పె.నా. 1 తడి" అని ఉంది. ఎదురుగా రూపాయల గడి ఖాళీ. అమ్మకు ఫోను చేసి అడిగాను.

"మీ పెదనాయనకు నీళ్ళిచ్చినాడులేరా. ఆయప్ప బాయి ఎండిపాయె. చెనిక్కాయలు ఎండిపోతాండాయని రాత్రిపూట మన బోరునీళ్ళు గనిమ దాటించినాడు. దుడ్లు తీసుకోలేదు."

"మరి జూన్ నుండి లేదే?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నువ్వే అన్నావు గదరా, ఫోన్లో" అంది.

అన్నాను. గుర్తుంది. హాస్టలు గదుల పక్కనున్న ఎస్టీడీ బూతులో నిలబడి, మీటరు తిరుగుతుంటే తొందరగా, "మనకే చాలీచాలని నీళ్ళు. ఊరికే ఇస్తే ఎట్లా? రేటు కట్టి ఇవ్వు, లేకపోతే మానెయ్యి నాయనా" అన్నాను. ఉచితంగా ఇచ్చే వస్తువు వృథా అవుతుందని అప్పటికి రెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి. ఆ నీళ్ళు అసలు ఎవరి బావిలోనుండి మా బోరులోకి వచ్చాయన్న ప్రశ్న నాకు తట్టలేదు. నాయనకు తట్టింది. అందుకే ఆ గడిలో అంకె వేయలేదని ఇప్పుడనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చాననుకుంటే 'ఊరికే' అని రాసేవాడు. బాకీ తీరుస్తున్నాననుకున్నాడేమో.

పెదనాయన మేకలు అమ్మి బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. 2005లో చేను అమ్ముకుని బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళి, ఒక అపార్టుమెంటుకు కాపలాదారుగా చేరాడు. నాయన పోయినప్పుడు వచ్చాడు. దింపుడు కళ్ళెం దగ్గర నా భుజం పట్టుకుని, "మీ నాయన ఆ యేడు మాకు ఆరు తడులిచ్చినాడు సామీ" అన్నాడు. ఏడవ తడి గురించి ఏమీ అనలేదు. ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు.

పాఠ్యపుస్తకం ఇటువంటి చోట సాధారణంగా రెండు దారులు చూపిస్తుంది: ప్రభుత్వం పన్ను వేయడమో నియంత్రించడమో ఒకటి, నీటికి హక్కులు పంచి అమ్ముకోనివ్వడం ఇంకొకటి. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి ఆస్తుల విషాదం గురించి రాసినప్పటినుండి, పంచుకునేది ఏదైనా చెడుతుందనే నమ్మకం బలపడింది. ఎలినార్ ఆస్ట్రమ్ దానిని ఒప్పుకోలేదు. 1965లో ఆమె సమర్పించిన పరిశోధన గ్రంథం భూగర్భజలాల గురించే. లాస్ ఏంజెలెస్ పక్కన అందరూ పోటీపడి తోడగా భూమిలోకి సముద్రపు నీరు చొచ్చుకువచ్చిందనీ, తోడేవాళ్ళే కూర్చుని ఎవరెంత తగ్గించుకోవాలో తేల్చుకున్నారనీ ఆమె చూపించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. అంతదూరం పోనక్కరలేదు. 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మా చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో, రైతులే బావుల నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, రబీకి ముందు ఊరి నీటిబడ్జెట్టు వేసుకునే పథకం ఒకటి నడిచింది. అందులో జరిమానాలు లేవు, నిషేధాలు లేవు. మనకింద ఎంత నీరుందో అందరికీ ఒకేసారి తెలియడమే అందులోని కిటుకు. మా ఊరికి అది రాలేదు.

నిన్న సాయంత్రం గుత్త కుర్రవాడికి ఫోను చేశాను. వెయ్యడుగుల బోరుకు డబ్బు ఇవ్వనని చెప్పాను. చుట్టూ ఉన్న అయిదు బోర్లవాళ్ళతో కలిసి ఒకసారి కూర్చుందామన్నాను. వచ్చే పంటకు టమాటా ఒక ఎకరానికి తగ్గించి, మిగతాది రాగి వేస్తే, ఆ తేడా గుత్తలో వదులుకుంటానన్నాను. అతను నవ్వాడు. "మనం ఏపీకపోతే వాళ్ళు ఏపిస్తారన్నా. అప్పుడు మన బోరు ఎండుతాది" అన్నాడు. 2000లో నాయన నాకు చెప్పిన జవాబే ఇది, టమాటా బదులు నీళ్ళు, అంతే. అప్పుడూ నా దగ్గర మారుమాట లేదు. ఇప్పుడూ పెద్దగా లేదు.

వచ్చే నెల పదిహేనున ఊరికి వెళుతున్నాను. నీటిమట్టం కొలవడానికి ఒక పొడవాటి టేపు కొన్నాను. అయిదుగురిలో ముగ్గురు వస్తామన్నారు. నాలుగోవాడు పెదనాయన చేను కొన్నవాడు. అతనికి ఏడువందల అడుగుల బోరుంది, ఇంకా నీళ్ళు బాగానే ఉన్నాయి. అతను వస్తే మొదట ఆ బావి దగ్గరికే తీసుకుపోవాలనుకుంటున్నాను. రాతికట్టు ఇంకా చెక్కుచెదరలేదట. లోపల తుమ్మచెట్టు మొలిచిందని అమ్మ చెప్పింది.